బొబ్బర్ల మూట

మా మామగారి పేరు నేను పలకను. రాయమన్నా రాయను. మా ఊరు కురుకోరోలో ఏ కోడలూ మామగారి పేరు పలకదు. మా అత్త కంకూ మొగుడి పేరు విషయంలో మాకంటే ఇంకో మెట్టు పైనే ఉంటుంది. సంతకొచ్చే గొర్రెల వ్యాపారి ఒకడిది అదే పేరు కావడంతో, అతణ్ణి ముప్పై ఏళ్ళుగా "ఎర్ర టోపీ" అని పిలుస్తోంది. అతను టోపీ పెట్టుకోవడం మానేసి పదేళ్ళు దాటింది. ఇప్పుడు ఊరంతా అతణ్ణి ఎర్ర టోపీ అనే అంటారు. అసలు పేరు అతని గొర్రెలకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మామగారిని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఏ కోడలికొస్తుంది? నాకొచ్చింది. మా ఊరు కట్టిన మూలపురుషుడిదీ ఆ పేరే మరి. ఆయన పేరే మామగారికి పెట్టారు. గుట్ట మొదట్లో పాతిన బోర్డు మీద ఆ పేరే, బడి గోడ మీద ఆ పేరే. వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యాక మా గుట్టలు చూడ్డానికి పైవాళ్ళు వస్తారు. వాళ్ళు దుమ్ము దులుపుకోకముందే అడిగే మొదటి మాట కూడా అదే: "ఈ ఊరు ఎవరు కట్టారు?"

ఆ ఏడు పట్నంలోని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరికి ఒక్క గైడే ఉండాలట. వాళ్ళే పరీక్ష పెట్టి, ఫోటో అంటించిన కార్డు ఇస్తారట. కార్డు లేనివాళ్ళు ఎవరినీ గుట్ట ఎక్కించకూడదట.

ఆ కార్డు నాకు కావాలి. ఎందుకో చెబుతాను.

నా మొగుడు, అంటే మా పాప మినాటా నాన్న, పడమట బంగారం తవ్వే గుంతల్లో పనిచేస్తాడు. మంచివాడు. మమ్మల్ని చూడక ఉండలేకపోతున్నాడు. లారీ డ్రైవరుతో కబురు పెట్టాడు: "శనివారం సంత లారీ ఎక్కి పిల్లతో వచ్చెయ్. అక్కడ నీకు పనేదైనా ఉందంటే వేరు. లేదు కదా." మినాటా కడుపులో ఉన్నప్పుడు పది రోజులు అక్కడ ఉండి వచ్చాను. ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు, వాటి మధ్య మూత లేని గుంతలు. పక్క గుడిసె ఆమె ఒక తాడు కొస తన నడుముకీ, రెండో కొస పాకే పిల్ల నడుముకీ కట్టుకుని వంట చేసుకునేది. ఆ తాడు ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది. మినాటాకి ఎనిమిది నెలలు నిండాయి. పోయిన వారమే పాకడం మొదలుపెట్టింది.

నాకు భయాలు ఎక్కువ, ఒప్పుకుంటాను. పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెడతాను. నిద్ర లేస్తే ఎందుకు లేచిందా అని మళ్ళీ భయం. కానీ ఆ భయాల వల్లే ఈ గుట్టల్లో నాకు తెలియని రాయి లేదు. పిల్లని వీపుకి కట్టుకుని కట్టెలకీ, గింజల్లోంచి వెన్న తీసే వెన్నకాయలకీ తిరిగేదాన్ని కదా, ఏ రాయి జారుతుందో, జలపాతం కింద లోతు ఎక్కడ మొదలవుతుందో, పాము ఏ వేళకి ఏ బండ మీద ఎండ కాగుతుందో అన్నీ చూసి పెట్టుకున్నాను. ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించినా, ఈ పాఠం మాత్రం నాకు నోటికి వచ్చు.

సోమవారం ఉదయం మామగారి పందిరి కింద పెద్దలు కూర్చుని టీ కాచుకుంటున్నారు. నేను వంటింటి గోడ ఇవతల జొన్నలు దంచుతున్నాను. మామగారితో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో అత్త ఉండాలి.

"అత్తా, గైడు పని నేను చేస్తానని చెప్పు."

అత్త గోడ మీంచి తల పెట్టింది. "నీ కోడలు గైడు పని చేస్తుందట."

మామగారు నురగ వచ్చేలా టీ ఎత్తి పోస్తూ ఉన్నారు. పక్కనే ఉన్న నా మరిది నమకాన్ పకపకా నవ్వాడు. ఊళ్ళోకి ఎవరొచ్చినా ఎదురెళ్ళేది అతనే. నల్ల కళ్ళద్దాలు, తలకి నూనె, జేబులో సెంటు సీసా.

"వదినా! నువ్వు గైడువా! 'జాగ్రత్త, జాగ్రత్త' అని నువ్వు పెట్టే గోలకి వచ్చినవాళ్ళు గుట్ట ఎక్కకుండానే దిగిపోతారు."

"నువ్వు ఎక్కిస్తే అసలు దిగరు కదా మరిదీ. మొన్న గుట్ట చూడ్డానికొచ్చిన పొడుగాయన్ని జారుడు బండ మీంచి నడిపించి మడమ విరగ్గొట్టావు."

"విరగలేదు. బెణికింది."

"బొబ్బర్లు మేసే వంశం. విరగడానికీ బెణకడానికీ తేడా నీకెలా తెలుస్తుంది?"

పెద్దలు నవ్వారు. నవ్వాలి మరి. నేను పుట్టింటి వైపు జారా వంశం దాన్ని. నేను మెట్టిన ఇల్లు త్రావొరే వంశం. జారాలకీ త్రావొరేలకీ తాతల నాటి నుంచీ మేలమాడే వరస. ఎదురుపడితే మేం వాళ్ళని బొబ్బర్లు మేసేవాళ్ళంటాం, వాళ్ళు మమ్మల్ని బానిసలంటారు. ఎవరెంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. కోపం వచ్చినవాడికే సిగ్గుచేటు. అడిగితే ఒకళ్ళకొకళ్ళు కాదనకూడదు కూడా.

నమకాన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే బానిసపిల్లా. గైడన్నాక మొదట చెప్పాల్సిందేంటి? ఊరు కట్టినాయన పేరు. చెప్పు. గోడ వెనకనుంచే చెప్పు, పర్లేదు. అందరం వింటాం."

నా రోకలి ఆగిపోయింది. నేను ఆ పేరు పలికితే, ఎదురుగా ఉన్న మామగారిని పేరు పెట్టి పిలిచినట్టే.

"గురువారం ఆఫీసరొస్తాడు. ఇద్దరూ గుట్ట ఎక్కండి," అన్నారు మామగారు చివరికి. "ఊరు కట్టినవాడి పేరు చెప్పలేని మనిషికి కార్డెలా ఇస్తాడో, నాకూ చూడాలనుంది."

ఆ మాట నా పక్షమో నమకాన్ పక్షమో నాకు అంతుపట్టలేదు. ఆయన ఎప్పుడూ అంతే. కోడలిగా నేను ఆయన ముందు తలెత్తకూడదు. జారా పిల్లగా ఆయన్ని ఏమన్నా అనొచ్చు. ఈ రెండు వరసల్లో ఏది పెద్దదో మా ఇంట్లో ఎవరూ తేల్చలేదు. మూడేళ్ళుగా ఆయన దగ్గర మొదటిదాన్నే పట్టుకుని ఉన్నాను. రెండోదాన్ని నమకాన్ మీద కసితీరా వాడుకుంటున్నాను.

బుధవారం సాయంత్రం బట్టలు మూట కట్టి గుమ్మం పక్కన పెట్టాను. కార్డు రాకపోతే శనివారం లారీ. మినాటా పాక్కుంటూ వెళ్ళి ఆ మూట ముడి విప్పడానికి తంటాలు పడింది.

*

ఆఫీసరు గురువారం ఎండెక్కాక దిగాడు. గుండ్రంటి మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితాల అట్ట. అతనికంటే ముందే అతని సెంటు దిగింది. మల్లె, నిమ్మ, ఇంకా ఏవేవో. ఊరవతల మేకలు కూడా తలెత్తి చూశాయి.

పిల్లని వీపుకి కట్టుకుని, కుర్చీ వేసి నేను ముందుకొచ్చాను. మా దగ్గర పలకరింపులు ఇంటి పేర్లతోనే మొదలవుతాయి.

"మీరు ప్రయాణం బాగా చేశారా బాబూ? మీ ఇంటి పేరు?"

"త్రావొరే," అన్నాడు.

పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి. అప్పటిదాకా "మీరు" అన్నదాన్ని మరుక్షణం "నువ్వు"లోకి దిగాను.

"అయ్యో, త్రావొరేవా! ముందే తెలిసుంటే కుర్చీ వేసేదాన్ని కాదు. ఆ పొట్ట నిండా బొబ్బర్లేనా, ఇంకా ఏమైనా చోటు మిగిలిందా?"

ఆఫీసరు కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు..."

"జారాని."

అతను అట్ట చంక మార్చుకున్నాడు. "అనుకున్నా. ఈ దేశంలో బానిసకి తప్ప ఇంత నోరెవరికుంటుంది! నా చెప్పులు ఎవరు మోస్తారు?"

"మోస్తాను. నువ్వు వాటిలోనే ఉంటే మాత్రం మొయ్యలేను."

నమకాన్ కంగారుపడ్డాడు. అతనూ త్రావొరేనే. ఆఫీసరికి అన్న వరస అవుతాడు. అన్నదమ్ముల మధ్య మర్యాదే తప్ప మేలం కుదరదు. "దొరగారూ, ఇలా దయచేయండి, దొరగారూ," అంటూ ముందు నడిచాడు. పాపం, ఇంటి పేరు అతనికి అడ్డం తిరిగింది.

మొదట పాత కొలుముల దిబ్బ. మా పూర్వులు ఇనుము కరిగించిన చోటు. నల్లటి చిట్టెం ముక్కలు ఇప్పటికీ కాలికి తగులుతాయి. నమకాన్ చేతులు తిప్పుతూ ఇక్కడే వెయ్యి కత్తులు చేశారని చెప్పాడు. నేను వంగి ఒక ముక్క తీసి ఆఫీసరు చేతిలో పెట్టాను.

"కత్తుల సంగతి నాకు తెలీదు. పార రేకులు మాత్రం చేశారు. మా అత్త తవ్వే పార ఇక్కడిదే. నీ చెప్పు అడుగు పల్చగా ఉంది. నా వెనకే రా, ఈ ముక్కలు కోస్తాయి."

తరువాత రాతి కిటికీ. గుట్ట నెత్తిన రెండు బండల మధ్య ఏనుగు పట్టేంత కన్నం. అందులోంచి చూస్తే పొలాలూ వాగూ, దూరంగా కుండలు కాల్చే ఊరి పొగా కనిపిస్తాయి. నమకాన్ అందులో నిలబడి లేని ఈటె పైకెత్తాడు.

"ఇక్కడే, దొరగారూ! బానిసల్ని పట్టుకుపోయే గుర్రపు దండు పాత ఊరిని తగలబెట్టిన రోజున, మా మూలపురుషుడు ఒక్కడే ఇక్కడ నిలబడ్డాడు. ఈటె విసిరితే బండకి ఈ కన్నం పడింది. డెబ్భై గుర్రాలు వెనక్కి తిరిగాయి!"

"పోయిన నెల నలభై కదా మరిదీ?"

"అవి ముందు వరస గుర్రాలు."

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మూలపురుషుడి పేరు నమకాన్ నాలుగుసార్లు పలికాడు, ప్రతిసారీ నా వైపు చూసి మరీ.

రాతి కిటికీ నుంచి ఆడవాళ్ళ గుహకి దారి వాగు దాకా దిగి, అక్కడి నుంచి బండ చరియ కింద వెళుతుంది. ఆ చరియకి ఏడు తేనెపట్లు ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. ఇంట్లో ఈగలనే లెక్కపెట్టేదాన్ని, వీటిని వదులుతానా? ఘాటు వాసనంటే వాటికి పడదు. నా వీపు మీద పిల్ల ఉంది, పక్కనేమో నడిచే సెంటు సీసాలు రెండు ఉన్నాయి.

"ఆగండి," అన్నాను. "ఇక్కడ వాగులో కడుక్కోవాలి. ఇద్దరూ."

"మొదలైంది," అన్నాడు నమకాన్. "చెప్పానా దొరగారూ? ఇక జాగ్రత్తల జాతర. ఈ దారిన నేను వందసార్లు వెళ్ళాను."

"సెంటు సీసా కొన్నాక ఎన్నిసార్లెళ్ళావు?"

ఆఫీసరు వాగులో చేతులు ముంచి చొక్కా మీద చిలకరించుకున్నాడు. వాసన పోలేదు, ఇంకా లేచింది. లాభం లేదనుకుని ఒడ్డున వంగి దోసిలి నిండా ఒండ్రు తీశాను.

"ఏం చేస్తున్నావ్?"

"బొబ్బర్ల కంపు పోగొడుతున్నాను. మెడ వంచు."

"ఏయ్! ఇది ఇస్త్రీ..."

"అడిగితే కాదనకూడదు. నువ్వు త్రావొరేవి, నేను జారాని. కాదంటావా? సరే, కిందకెళ్ళి చెబుతాను, పట్నం త్రావొరేకి మేలం తెలియదట అని."

అతను ఒకసారి ఆకాశం వైపు చూశాడు. మెడ వంచాడు. చెవుల వెనక రాశాను, మెడకి రాశాను, చంకల దగ్గర చొక్కా మీదే పులిమాను. ఆ తరువాత మొహానికి కూడా రాశాను. తేనెటీగల మాట నిజమే. మొహానికి మాత్రం అంత అక్కర్లేదు.

"నువ్వు, మరిదీ?"

"నేను ముందు నడుస్తాను, మీరు రండి," అని నమకాన్ కళ్ళద్దాలు సర్దుకుని బయల్దేరాడు.

నేను మినాటా తల మీద గుడ్డ పూర్తిగా కప్పేసి ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాను. మాట్లాడొద్దని సైగ చేశాను. నా గుండె చప్పుడు పిల్లని నిద్ర లేపుతుందేమోనని భయం వేసింది. చరియ సగం దాటామో లేదో ముందు నుంచి "ఆ!" అని ఒక కేక, తరువాత ఇంకోటి, ఆ తరువాత కాళ్ళ చప్పుడు. నా మరిది మా పక్కనుంచి వాగు వైపు దూసుకుపోయాడు. డెబ్భై గుర్రాలూ ఆ వేగంతోనే వెనక్కి తిరిగి ఉంటాయి. నీళ్ళలో దబ్బుమన్న చప్పుడు మాకు గుహ ముందు దాకా వినిపించింది.

మూడే కుట్టాయని తరువాత తెలిసింది. ముప్పై అని అతను ఇప్పటికీ చెబుతాడు.

*

ఆడవాళ్ళ గుహ ముందు ఆఫీసరు కూలబడ్డాడు. మొహం మీద ఒండ్రు ఎండి పగుళ్ళిచ్చింది. మాట్లాడితే రాలుతోంది. మినాటా అతణ్ణి చూసి ఏడవాలా నవ్వాలా అని కాసేపు ఆలోచించి, చెయ్యి చాపి అతని ముక్కు మీది పెచ్చు ఊడదీసింది. దాన్ని నోట్లో పెట్టుకునేలోపు లాగేశాను.

"నువ్వు నన్ను కాపాడావు," అన్నాడతను.

"తేనెటీగల్నే కాపాడాను. ఆ సెంటుకి చచ్చేవి."

గుహలో చల్లగా ఉంటుంది. బండ మీద పిండి రుబ్బిన గుంటలు పదకొండు, ఒక్కో గుంట ఒక్కో ఇంటిది. గుర్రపు దండు వచ్చినప్పుడు ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఇక్కడ ఆరు రోజులు దాక్కున్నారు. పిల్లలు ఏడిస్తే బయటికి తెలిసిపోతుందని, పాలున్న తల్లులు ఎవరి పిల్లో చూడకుండా ఏడ్చిన పిల్లకల్లా రొమ్మిచ్చారు. అందుకే మా ఊళ్ళో పదకొండు ఇళ్ళ వాళ్ళూ ఒక తల్లి పాలు తాగిన వాళ్ళమనుకుంటారు, వాళ్ళలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోరు. కోడళ్ళని బయటి నుంచి తెచ్చుకుంటారు. నన్నూ అలాగే తెచ్చుకున్నారు. ఇదంతా చెబుతూ ఉంటే ఆఫీసరు రాయడం మరిచిపోయి వింటున్నాడు.

"మరి అప్పుడు మీ మూలపురుషుడు పైన రాతి కిటికీలో ఒంటరిగా నిలబడ్డాడు. అంతేనా?"

నేను ఇంకేదైనా అని ఉండాల్సింది. కానీ ఆ గుహలో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పేరు పలకడానికా వీల్లేదు. నోటికొచ్చింది బయటికొచ్చేసింది.

"ఎవరు, బొబ్బర్ల మూటా?"

"ఎవరూ?"

ఇక దాచి లాభం లేదు. వెన్నకాయలు ఏరడానికొచ్చి ఇక్కడ కూర్చున్నప్పుడు మా అత్త నాకు చెప్పింది. ఆమెకి వాళ్ళ అత్త చెప్పిందట. ఆడవాళ్ళు ఆడవాళ్ళకే చెప్పుకునే సంగతి. ఆ రోజు మగవాళ్ళందరూ కింద పోరాడుతున్నారు. ఒక కుర్రాడు మాత్రం ఆడవాళ్ళతో పాటు గుహలోకి వచ్చేశాడు. గుర్రాల డెక్కలు దగ్గరయ్యేసరికి, వాళ్ళు తిండికని మోసుకొచ్చిన బొబ్బర్ల మూటల్లో పెద్దదాన్ని కుమ్మరించి, అందులో దూరి మూతి కట్టించుకున్నాడు. దండువాడు ఒకడు గుహ మూతి దాకా వచ్చి తొంగి చూశాడట. చీకట్లో మూట కదిలిందట. ఒక ముసలమ్మ ఆ మూట మీద కూర్చుందట. అంతే. ఆరో రోజున బయటికొచ్చి చూస్తే పాత ఊరూ లేదు, మగాళ్ళూ లేరు. మిగిలిన మగాడు మూటలోని వాడొక్కడే. కొత్త ఊరు కట్టాలంటే ఇంకెవరున్నారు?

ఆఫీసరు నవ్వడం మొదలుపెట్టాడు. మొహం మీది మట్టంతా రాలింది. కళ్ళ నీళ్ళతో మిగిలింది కూడా కడుక్కుపోయింది.

"ఇది కింద అనకు," అన్నాను. "మా అత్త నన్ను చంపుతుంది. మిగిలింది మామగారు చూసుకుంటారు."

"నేనా? నేనెందుకంటాను!" అన్నాడతను. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళల్లో ఏదో మెరిసింది. నేను గమనించి ఉండాల్సింది.

*

పందిరి కింద ఊరంతా ఉంది. మామగారు మధ్యలో. నమకాన్ ఓ మూల కూర్చున్నాడు. ఒక చెవి వాచి రెండు చెవులంతయింది, కళ్ళద్దాలు దాని మీద నిలవడం లేదు. ఇక్కడి నుంచి మా ఇంటి గుమ్మం కనిపిస్తుంది. గుమ్మం పక్కన నా బట్టల మూట కనిపిస్తోంది.

ఆఫీసరు అట్ట మీద కాగితం పరిచాడు. చొక్కా నిండా ఒండ్రే. ఆ అవతారం చూసి పెద్దలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇద్దరికీ దారి తెలుసు. ఒకరికి కొంచెం ఎక్కువ తెలుసు," అన్నాడు. నమకాన్ చెవి తడుముకున్నాడు. "కార్డు మీద రాయడానికి ఇంకొక్క ప్రశ్న ఉంది. ఊరు కట్టినవాడి పేరు. గైడు నోటితో చెప్పాలి."

నమకాన్ లేచి నిలబడి గట్టిగా చెప్పాడు. పేరు, తండ్రి పేరు, తాత పేరు. పెద్దలు తలలూపారు.

"ఇప్పుడు నువ్వు చెప్పు, జారా పిల్లా."

"తెలుసు కదా నీకు," అన్నాను గొణుగుతూ. "నేను పలకకూడదు."

"అసలు పేరు వద్దు. గుహలో నాకొక పేరు చెప్పావే. అది చెప్పు." ఆఫీసరు మెడ మీది ఒండ్రు వేలితో గీకి, నాకు చూపించి, మెల్లగా అన్నాడు: "నా మొహానికి రాసింది ఎక్కువైంది కదూ? నాకు తెలుసు."

బాకీ తీర్చుకుంటున్నాడు బొబ్బర్ల మేతగాడు. నాకు కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదు.

అత్త వైపు చూశాను. ఆమెకి అర్థమైపోయింది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వాపుకోడానికో అరుపాపుకోడానికో తెలియలేదు. మామగారు నేల వైపు చూస్తున్నారు. చెప్పకపోతే శనివారం. లారీ, పట్టాల గుడిసె, నడుముకి తాడు. చెబితే ఈ ఇంట్లో మళ్ళీ ఎలా తిరగాలి? వీపు మీద మినాటా నా చెవి రింగు పట్టుకుని లాగింది.

"బొబ్బర్ల మూట," అన్నాను.

గట్టిగానే వచ్చింది. నాకూ గట్టిగానే వినిపించింది. ఒక ముసలాయన చేతిలోని టీ గ్లాసు ఒరిగింది. "ఏవన్నదీ?" అన్నారెవరో. "ఎవరిననీ?" అన్నారింకెవరో. ఆ పేరు ఊరు కట్టినవాడిదంటే మామగారిదీ అయినట్టేనని అందరికీ ఒక్కసారే తట్టింది. తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఊఁ?" అన్నారు మామగారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన తలెత్తి, మూడేళ్ళలో మొదటిసారి నేరుగా నన్ను చూశారు.

"పిలిచావు కదా. ఏంటీ, అని అడుగుతున్నాను."

నేను అలవాటుగా అత్త వైపు తిరిగాను. "అత్తా, నువ్వు..."

"నాకేం సంబంధం? నిన్నడుగుతున్నాడు," అంది అత్త కొంగులోంచి.

"కార్డు కావాలి," అన్నాను. తరువాత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు ఆ ధైర్యం, "ఇప్పించు, బొబ్బర్లు మేసేవాడా," అన్నాను.

ఆయన భుజాలు కదిలాయి. ఆయన నవ్వితే అలా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. చప్పుడు రాదు. భుజాలే నవ్వుతాయి.

"మా నాయనమ్మ ఆ గుహ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన్ని అదే పేరుతో పిలిచేది," అన్నారు పెద్దల వైపు తిరిగి. "మూటలో దూరబట్టే బతికాడు. బతకబట్టే మీరందరూ ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నారు. గుర్రాలంటారా, మా తాత చెప్పేటప్పుడు పన్నెండు ఉండేవి. నమకాన్, నీ దగ్గరికొచ్చేసరికి ఎన్నయ్యాయిరా?"

"డెబ్భై," అన్నాడు నమకాన్ చిన్నగా.

"బాగా ఈనాయి."

ఇక పందిరి నిలవలేదు. మొదట అత్త కొంగు వదిలేసింది, తరువాత ఊరంతా. ఆఫీసరు మాత్రం నవ్వకుండా పెద్దమనిషిలా రెండు పేర్లూ రాసుకుని, నా కార్డు మీద ముద్ర కొట్టాడు. వెళుతూ వెళుతూ, "బానిసా, ఈ చొక్కా ఎవరు ఉతుకుతారు?" అన్నాడు. "వాగుంది. నీ చేతులున్నాయి," అన్నాను.

నమకాన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున, వచ్చినవాళ్ళ సంచులు మోసే పని తనదేనని, అందులో వేలు పెట్టొద్దని కబురు పంపాడు. చరియ దగ్గరికొచ్చేసరికి అందరికంటే ముందు తనే ఒండ్రు పూసుకుంటాడిప్పుడు, మొహానిక్కూడా.

శనివారం లారీ డ్రైవరుకి కార్డు చూపించాను. పని దొరికిందని, పంట కోతలకి తనే రావాలని, పిల్ల పాకుతోందని మినాటా నాన్నకి చెప్పమన్నాను. ఇంటికొచ్చి బట్టల మూట విప్పుదామని గుమ్మం దగ్గర వంగేసరికి, దాని పక్కన ఇంకో మూట ఉంది. మోకాలెత్తు సంచి, మూతి తాడుతో కట్టి ఉంది. విప్పితే కొత్త పంట బొబ్బర్లు. మినాటా రెండు చేతులూ అందులో ముంచింది. గింజ ముక్కులో పెట్టుకుంటుందని నేను పరుగెత్తాను.

"ఎవరు పెట్టారే ఇది?" అంది పక్కింటామె గోడ మీంచి.

నేను చెప్పలేదు. చెప్పాలంటే పేరు పలకాలి కదా.